గ్రేస్ ముగాబే కథ పిల్లలకు ఎలా చెప్పాలంటే

మా పర్లాకిమిడిలో ఆదివారాలు అరుగు మీద పిల్లలకు కథలు చెబుతాను. జింబాబ్వే మాజీ అధ్యక్షుడు రాబర్ట్ ముగాబే రెండో భార్య గ్రేస్ కథను ఆమె ఖరీదైన షాపింగ్‌తో మొదలుపెట్టకండి. నేనలా చేసి చెడగొట్టాను, పిల్లలు ఖరీదైన చెప్పుల దగ్గరే ఆగిపోయారు!

ముందు టైప్ మిషన్ తెచ్చి పెట్టండి. మామయ్య పాత రెమింగ్టన్‌లో ‘ఎ’ అక్షరం ఇరుక్కుంటుంది, అయినా టకటక చాలు. గ్రేస్ జింబాబ్వే అధ్యక్షుడి ఆఫీసులో టైపిస్టు మరి. ఆయన మొదటి భార్య సాలీ ఘనా ఆడపడుచు, 1992లో పోయారు. అంతకుముందే గ్రేస్‌కు ముగాబేతో పిల్లలున్నారు. ఈ ముక్క పెద్దపిల్లలకే. పెళ్లి 1996లో.

చేరిన కొద్ది నెలలకే గ్రేస్‌కు డాక్టరేట్ ఇచ్చారన్న 2014 గొడవ రెండు మాటల్లో దాటేయండి. 2017 నవంబరు దగ్గర మాత్రం నెమ్మదించండి: ముగాబే తర్వాత పదవికి గ్రేస్‌తో పోటీపడుతున్న ఉపాధ్యక్షుడు మనంగాగ్వాను తీసేయడం, సైన్యం రోడ్డెక్కడం, ముగాబే రాజీనామా. అక్కడ టైప్ మిషన్ మూత వేసేయండి.