పాత కారు రేడియేటర్‌ను బాగుచేసి పరీక్షించే ముందు జాగ్రత్తలు

ఇంజన్ పూర్తిగా చల్లారకముందే రేడియేటర్ మూత తిప్పకూడదు, ఎందుకంటే లోపల పీడనంలో ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. బయటికి తీసిన కూలెంట్‌లో (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవంలో) సాధారణంగా విషపూరితమైన ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. దాని తీపి రుచికి పిల్లలు, పెంపుడు జంతువులు ఆకర్షితులవుతారు కనుక వెంటనే మూత ఉన్న డబ్బాలోకి ఎత్తాలి.

పాత రేడియేటర్లు ఎక్కువగా రాగి, ఇత్తడితో చేసి సీసం కలిసిన టంకంతో అతికినవి. ఆ టంకం దాదాపు 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలవుతుంది కాబట్టి, ఒక అతుకును సరిచేయబోయి మంటను ఎక్కువసేపు నిలిపితే పక్క అతుకు ఊడుతుంది. పని గాలి ఆడే చోట చేసి, తర్వాత చేతులు కడుక్కోవాలి. తుప్పు, పాచి తీయడానికి ఆమ్లం వాడితే రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. అల్యూమినియం భాగాలకు కాస్టిక్ సోడా తగలనివ్వకూడదు.

అసలు తొందరపాటు జరిగేది పరీక్ష దగ్గరే. గొట్టాల నోళ్లను గట్టిగా మూసి, రేడియేటర్‌ను నీళ్లలో ముంచి, మూతకు నిర్దేశించిన పీడనాన్ని మించకుండా గాలిని మెల్లగా ఎక్కించి, బుడగలు వచ్చే చోట గుర్తు పెట్టాలి. చాలా పాత కార్లలో ఆ పీడనం 4 నుంచి 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మాత్రమే, కొన్నింటిలో అసలు ఉండదు. అందువల్ల పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటర్ లేని గాలి కంప్రెసర్‌ను నేరుగా తగిలిస్తే, నా దృష్టిలో, అది పరీక్ష కాదు, విధ్వంసం.