పువ్వు ఒక గడి పక్కకు జరిగితే: వసంతకాలపు క్రాస్ స్టిచ్‌లో సమస్యలు, పరిష్కారాలు

చలికాలంలో మొదలుపెట్టి ఎక్కడో ఆపేసిన క్రాస్ స్టిచ్ పని (గళ్ళ గుడ్డ మీద X ఆకారపు కుట్లతో బొమ్మ తీర్చే పని), వసంతంలో ఇల్లు దులిపి సర్దుకునే రోజుల్లో అలమర అడుగు నుంచి మళ్ళీ చేతికి వస్తుంది. పగటి వెలుతురు పెరిగి కిటికీలు తెరుచుకున్న ఆ రోజుల్లోనే, దీపం కింద కుట్టినప్పుడు కనబడని తప్పులన్నీ ఒక్కసారిగా కళ్ళబడతాయి. ఈ పనిలో తప్పు కనిపించే చోటు వేరు, జరిగిన చోటు వేరు. అంచు కలవలేదని చివరి మూలలో తెలుస్తుంది గాని, లెక్క తప్పింది బహుశా మూడు వారాల కిందట, ఎవరో పిలిస్తే సూది అలాగే వదిలి లేచిన క్షణంలో. అందుచేత ఇక్కడ ప్రతి సమస్యనూ కనిపించే లక్షణంతో మొదలుపెట్టి, కారణం దాకా వెనక్కి వెళ్ళి, ఆ తరువాతే దిద్దుబాటు చెప్పాను. కారణం తేలకముందే కత్తెర పట్టుకుంటే, విప్పి కుట్టిన చోట అదే తప్పు మళ్ళీ వస్తుంది.

కాడ పువ్వును అందుకోవడం లేదు, అంచు మూల దగ్గర కలవడం లేదు

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేదీ, మనిషిని ఎక్కువగా విసిగించేదీ ఇదే. ముందుగా చేయవలసినది విప్పడం కాదు, తప్పు ఎక్కడ మొదలైందో వెతకడం. ఏ గడిలో ఏ రంగు కుట్టు వేయాలో చూపే గళ్ళ కాగితమే చార్టు; అందులో ప్రతి పది గళ్ళకూ ఒక ముదురు గీత ఉంటుంది. తప్పకుండా సరిగ్గా ఉందని మీకు నమ్మకమున్న ఒక కుట్టును, సాధారణంగా గుడ్డ నడిమధ్యన వేసిన మొదటి కుట్టును, ఆధారంగా తీసుకొని అక్కడి నుంచి పదేసి గళ్ళ చొప్పున నాలుగు వైపులకూ లెక్కించుకుంటూ రావాలి. ఎక్కడ పదికి బదులు తొమ్మిదో పదకొండో వస్తుందో అక్కడే పొరపాటు ఉంది. ఒక్కొక్క గడినీ మొదటి నుంచి లెక్కపెట్టేవారు మధ్యలో తప్పిపోయి, ఒప్పుగా ఉన్న భాగాన్ని కూడా అనుమానించడం నేను చాలాసార్లు చూశాను. ఆ జాబితాలో నేనూ ఉన్నాను.

తప్పు దొరికిన తరువాత విప్పాలా వద్దా అనేది అది ఎక్కడుందనే దాన్ని బట్టి ఉంటుంది. ఆకు మధ్యలోనో, రేకు అంచులోనో ఒక గడి తేడా వస్తే, పక్కనున్న రెండు మూడు కుట్లను సర్ది ముందుకు సాగవచ్చు. ఆకు ఒక గడి వెడల్పుగా ఉందని చార్టు పక్కన పెట్టి చూస్తే తప్ప ఎవరికీ తెలియదు. చుట్టూ తిరిగే అంచు, అక్షరాలు, ఎడమా కుడీ ఒకేలా ఉండవలసిన నమూనా మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వవు. అక్కడ తప్పు మొదలైన చోటి వరకు విప్పక తప్పదు. పెద్ద భాగాన్ని విప్పేటప్పుడు వెనుక వైపు నుంచి, సన్నటి మొన ఉన్న చిన్న కత్తెరతో నాలుగైదు కుట్లకు ఒకసారి దారాన్ని కత్తిరించి, సూది మొనతో ముక్కలను లాగేయాలి. ఒకసారి కుట్టి విప్పిన దారం పీచు లేచి మెరుపు తగ్గి ఉంటుంది కాబట్టి దాన్ని తిరిగి వాడకపోవడమే మంచిది. గుడ్డ మీద మిగిలిన రంగు నూగును అంటుకునే టేపు ముక్కతో అద్దితే వచ్చేస్తుంది.

ఈ సమస్యకు అసలు కారణం సాధారణంగా లెక్క రాకపోవడం కాదు, లెక్క మధ్యలో లేవడం. ఇంట్లో పని చూసుకుంటూ కుట్టేవారికి అంతరాయం లేని గంట దొరకడం కష్టం గనుక, అంతరాయాన్ని తట్టుకునే ఏర్పాటు ముందే చేసుకోవాలి. గుడ్డ మీద కూడా చార్టులో ఉన్నట్టే పది గళ్ళకొక గీత వేసుకోవడం అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. నీటితో పోయే పెన్నుతో గీస్తే, ఇస్త్రీ చేయడానికి ముందే దాన్ని చల్లటి నీటిలో పూర్తిగా వదిలించాలి, ఎందుకంటే వేడి తగిలితే ఆ గీత గుడ్డలో శాశ్వతంగా ఉండిపోవచ్చు. వేడికి మాయమయ్యే పెన్నులు గుడ్డకు పనికిరావు. వాటి గీత ఇస్త్రీకి పోయినట్టు కనిపించి, బాగా చలి తగిలినప్పుడు తిరిగి పైకి రావచ్చు. ఇవేవీ నచ్చనివారు నున్నటి నైలాన్ దారంతో గీతలు పరచుకొని, పని అయ్యాక లాగేయవచ్చు. లేవవలసి వచ్చినప్పుడు మాత్రం, చేతిలో ఉన్న వరుస పూర్తయ్యే వరకు ఆగి, కుట్టిన గళ్ళను చార్టు మీద రంగు పెన్సిలుతో కొట్టేసి, అప్పుడు లేవండి.

రెండు ఆకుపచ్చలు తారుమారయ్యాయి

వసంతపు నమూనాలంటే లేత ఆకులు, మొగ్గలు, గులాబీ రేకులు. ఒకే చార్టులో ఒకదానికొకటి దగ్గరగా ఉండే ఐదారు ఆకుపచ్చలుంటాయి. రాత్రి పసుపు బల్బు కింద రెండూ ఒకేలా కనబడి, ఉదయం కిటికీ దగ్గర చూసేసరికి సగం ఆకు ఒక రంగూ సగం మరో రంగూ అయి ఉంటుంది. బల్బు వెలుగులో నీలం వంతు తక్కువగా ఉండడం వల్ల, నీలం వైపు మొగ్గే ఆకుపచ్చకూ పసుపు వైపు మొగ్గే ఆకుపచ్చకూ తేడా చెరిగిపోతుంది. రంగులు విడదీసి, పోగులు తీసి, నంబర్లు రాసుకునే పనిని పగటి వెలుతురులో ముగించుకొని, రాత్రికి కుట్టే పని మాత్రమే ఉంచుకుంటే ఈ తప్పు చాలావరకు రాదు. దీపం కిందనే పని చేయాలంటే 5000 నుంచి 6500 కెల్విన్ల మధ్య ఉండే తెల్లటి బల్బు వాడుకోవాలి.

కొన్నిసార్లు నంబరు ఒకటే అయినా రంగులో తేడా వస్తుంది. మధ్యలో దారం అయిపోయి కొత్త లడి తెచ్చినప్పుడు, ఆ లడికి రంగు అద్దిన విడత వేరైతే ఇలా జరుగుతుంది. మామూలు లడిలో ఆరు పోగుల దారం 8 మీటర్లు ఉంటుంది. రెండేసి పోగులతో కుడితే అది 24 మీటర్ల పనికి వస్తుంది. అంగుళానికి 14 గళ్ళుండే గుడ్డ మీద, వృథా పోగా, ఆ లడితో 1,500కు పైగా కుట్లు వేయవచ్చు. చార్టులో ఒక రంగుకు అంతకు మించి కుట్లుంటే రెండో లడి కూడా మొదటే కొనుక్కోవాలి. అప్పటికే తేడా వచ్చేసి ఉంటే, పాత లడిలో మిగిలిన ఒక పోగునూ కొత్త లడిలోని ఒక పోగునూ కలిపి మధ్యలో రెండు మూడు వరుసలు కుడితే, రెండు రంగుల మధ్య గీత కనబడకుండా కలిసిపోతుంది.

గుడ్డ ముడుచుకుపోయింది, లేదా కుట్ల సందుల్లోంచి గుడ్డ కనబడుతోంది

ఇవి రెండు వేర్వేరు సమస్యలు అనిపించినా, తరచు రెండింటికీ కారణం బిగువులోనే ఉంటుంది. దారాన్ని గట్టిగా లాగితే గడి మూలల్లో రంధ్రాలు పెద్దవవుతాయి, దారం సన్నబడి గుడ్డ బయటపడుతుంది, మొత్తం పని నడుమకు ముడుచుకుంటుంది. దారం గుడ్డను ఆనుకున్న క్షణంలో చేయి ఆగాలి. గుడ్డ వదులుగా ఉన్నప్పుడే మనం తెలియకుండా దారాన్ని గుంజుతాం గనుక, రింగులో గుడ్డను డప్పులా బిగించి చూడండి. చాలామందికి అంతటితో సరిపోతుంది.

బిగువు సరిగ్గా ఉండి కూడా గుడ్డ కనబడుతుంటే పోగుల సంఖ్య చూడాలి. క్రాస్ స్టిచ్ కోసం గళ్ళుగా నేసిన ఐడా గుడ్డల్లో, అంగుళానికి 11 గళ్ళుండేదానికి మూడు పోగులు, 14 గళ్ళదానికి రెండు, 18 గళ్ళదానికి ఒకటి లేదా రెండు వాడడం వాడుక. సూది కూడా లెక్కలోకి వస్తుంది: మొన మొద్దుగా ఉండే టేపెస్ట్రీ సూదుల్లో 24వ నంబరు 14 గళ్ళ గుడ్డకూ, 26వ నంబరు అంతకంటే సన్నని గుడ్డకూ నప్పుతాయి. లావు సూది పెట్టిన రంధ్రాలు ఉతికిన తరువాత కొంత మూసుకుంటాయి గాని, పూర్తిగా పోవు.

గుడ్డ చాలకపోవడం కూడా ఈ కోవలోకే వస్తుంది. 140 కుట్ల వెడల్పు, 98 కుట్ల ఎత్తు ఉన్న నమూనా 14 గళ్ళ గుడ్డ మీద 10 అంగుళాలు, 7 అంగుళాలు అవుతుంది. నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదిలితే 16 అంగుళాలకు 13 అంగుళాల ముక్క కావాలి. ఈ భాగహారం చేయకుండా చేతికందిన ముక్క మీద మొదలుపెట్టినవారికి, అంచు కుట్టే నాటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. ఆ అంచును వదిలేయడమో, పక్కన వేరే గుడ్డ పట్టీ అతకడమో చేయాలి.

దారం మెలికపడుతోంది, పీచు లేస్తోంది, ముడులు పడుతున్నాయి

దారం 18 అంగుళాలకు మించితే గుడ్డలోంచి ఎక్కువసార్లు దూరి అరిగిపోతుంది. సూదిని తిప్పుతూ కుట్టడం వల్ల దారానికి మెలి ఎక్కుతుంది కాబట్టి, పది పన్నెండు కుట్లకొకసారి గుడ్డను తలకిందులుగా పట్టుకొని సూదిని గాలిలో వేలాడనిస్తే మెలి తనంతట తానే విప్పుకుంటుంది. పోగులన్నీ కలిపి లాగడం మరో కారణం. ఒక్కొక్క పోగునూ విడిగా పైకి లాగి, తరువాత కలుపుకోవాలి. ముడి పడితే గుంజకండి. సూది మొనను ముడి మధ్యలో పెట్టి నెమ్మదిగా వదులు చేస్తే చాలావరకు విడిపోతుంది.

ఒక భాగం మాత్రం వేరే రంగులా మెరుస్తోంది

రంగు ఒకటే, లడి ఒకటే, అయినా పక్క నుంచి వెలుతురు పడినప్పుడు ఒక రేకు మిగతా వాటికంటే ముదురుగా కనబడుతుంది. క్రాస్ కుట్టులో పైన ఉండే గీటు అన్ని చోట్లా ఒకే దిక్కుకు వాలాలి. నూలు దారం మెరుపు అది వాలిన దిక్కును బట్టి మారుతుంది. గుడ్డను పక్కకు తిప్పి కుట్టినప్పుడు ఈ దిక్కు మారిపోతుంది. కుర్చీ మార్చి, కిటికీ ఉన్న వైపుకు తిరిగి కూర్చున్న రోజున ఇది జరగడం ఎక్కువ. గుడ్డ పై అంచున ఒక రంగు దారం కట్టి ఉంచితే చాలు. జరిగిపోయిన దానికి ఆ భాగం విప్పడం తప్ప వేరే మందు లేదు, పటం వేలాడే గోడ మీద పక్క వెలుతురు పడకపోతే దాన్ని అలాగే వదిలేయడమూ తెలివైన పనే.

ఉతికితే ఎరుపు దిగింది

పని అంతా అయ్యాక నీళ్ళలో వేయగానే ఎరుపో ముదురు నీలమో తెల్ల గుడ్డలోకి పాకడం చూస్తే గుండె ఆగినంత పని అవుతుంది. అప్పుడు చేయకూడని పని ఒకటుంది: గుడ్డను ఆరనివ్వడం. తడిగా ఉన్నంతసేపూ ఆ రంగు ఇంకా కదిలే స్థితిలోనే ఉంటుంది. వెంటనే కుళాయి కింద చల్లటి నీళ్ళు ధారగా పోస్తూ, నీరు తేటగా వచ్చేవరకు ఆపకూడదు. అప్పటికీ మచ్చ ఉంటే, వెడల్పాటి గిన్నెలో చల్లటి నీళ్ళు పోసి, గాఢత లేని సబ్బు ద్రవం కొద్దిగా కలిపి, గుడ్డను పూర్తిగా ముంచి గంటలకొద్దీ నానబెట్టాలి. నీటికి రంగు వచ్చినప్పుడల్లా నీళ్ళు మార్చాలి. మచ్చ పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టె దగ్గరికి రాకూడదు. వేడి తగిలిన మచ్చను తీయడం చాలా కష్టం. ఉప్పు నీళ్ళలోనో వెనిగర్‌లోనో ముంచితే రంగు నిలుస్తుందనే సలహా తరచు వినబడుతుంది. అప్పటికే అద్దకం పూర్తయిన నూలు దారానికి అవి రంగును కొత్తగా పట్టించలేవు. ముదురు ఎరుపుల మీద అనుమానం ఉంటే, కుట్టడానికి ముందే ఒక ముక్కను తడిపి తెల్ల కాగితం మీద నొక్కి చూసుకోవాలి.

రింగు గుర్తు, మడత గీత, తుప్పు చుక్క, పసుపు మరక

అలమరలోంచి బయటపడిన పాత పనికి ఈ నాలుగూ కలిసే వస్తాయి. రింగు గుర్తు నిజానికి చేతి చమురూ దుమ్మూ నలిగిన గీతలో చేరడం వల్ల వచ్చేది. కిటికీలు తెరిచి ఉంచే కాలంలో పుప్పొడి కూడా దానికి తోడవుతుంది. గోరువెచ్చని నీటిలో తేలికపాటి సబ్బుతో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు లాగించి, కాస్త చెమ్మగా ఉండగానే మందపాటి తువ్వాలు మీద కుట్టు కిందికి వచ్చేలా పరిచి వెనుక నుంచి ఇస్త్రీ చేస్తే, గుర్తూ మడతా చాలావరకు పోతాయి, కుట్లు కూడా అణగవు. రంగు దిగుతుందేమోనన్న అనుమానం ఉన్న పనికి మాత్రం గోరువెచ్చని నీరు వద్దు, చల్లటివే వాడండి.

తుప్పు చుక్క మాత్రం గుడ్డలో వదిలేసిన సూదిదో గుండుసూదిదో అయి ఉంటుంది, అది మామూలు సబ్బుకు లొంగదు. దాని మీద క్లోరిన్ బ్లీచ్ పోయడం వల్ల మరక ఇంకా స్థిరపడుతుంది, దారం రంగు పోతుంది. ఆ చోట ఒక చిన్న మొగ్గనో ఆకునో అదనంగా కుట్టి కప్పేయడమే నేను సూచించే మార్గం. ఇకపై పని ఆపిన ప్రతిసారీ రింగు తీసేసి, సూదిని చిన్న అయస్కాంతానికి అంటించి, గుడ్డను మడవకుండా చుట్టచుట్టి, ఉతికిన నూలు బట్టలో పెట్టుకుంటే వచ్చే వసంతానికి ఈ పని ఉండదు. ప్లాస్టిక్ సంచిలో చెమ్మతో మూసి పెడితే బూజు పడుతుంది.

పటం కట్టాక వెనుక నుంచి నల్లటి గీతలు కనబడుతున్నాయి, రంగులు వెలుస్తున్నాయి

ముదురు దారాన్ని వెనుక వైపు ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు ఖాళీ గుడ్డ మీదుగా లాగితే, అది లేత గుడ్డలోంచి నీడలా కనబడుతుంది. అర అంగుళానికి మించిన దూరమైతే దారం తెంపి కొత్తగా మొదలుపెట్టాలి. పటం ఇంకా కట్టకపోతే ఆ లంకెలను వెనుక కత్తిరించి, కొసలను దగ్గరి కుట్ల కింద దూర్చవచ్చు. కొస దూర్చలేనంత పొట్టిగా ఉంటే ముందు సూదిని కుట్ల కిందికి పోనిచ్చి, ఆ తరువాత దారం ఎక్కించి లాగాలి. పటం కట్టేశాక తెలిస్తే, గుడ్డకూ అట్టకూ మధ్య గుడ్డ రంగులోనే మరో పొర పెట్టించడం వల్ల నీడ కొంత తగ్గుతుంది.

రంగులు వెలవడానికి కారణం ఎండ. రుతువుతో పాటు సూర్యుడి దారి మారుతుంది కాబట్టి, చలికాలమంతా నీడలో ఉన్న గోడ మీద ఇప్పుడు గంటల తరబడి ఎండ పడుతూ ఉండవచ్చు. ఒక రోజు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఆ గోడను గమనించి, ఎండ తగులుతుంటే పటాన్ని ఎదురు గోడకు మార్చండి. వెలిసిన రంగును తిరిగి తేవడం సాధ్యం కాదు, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం కూడా ఆ వెలవడాన్ని నెమ్మదింపజేస్తుందే గాని పూర్తిగా ఆపదు.