గీత మానుతుందా లేదా, గోరే చెప్తది

కారుకు వేసే సెల్ఫ్ హీలింగ్ (తనంతట తానే మానే) పూత గీతను ఆపదు, సన్న గీతల్ని మాన్పుతుంది. నిస్సాన్ 2005లో తెచ్చిన స్క్రాచ్ షీల్డ్ పూత అయినా, ఇప్పుడు పెయింట్ మీద అంటించే పారదర్శక ఫిల్మ్ పీపీఎఫ్ అయినా వేడికి పై పొర సాగి సర్దుకోవడమే కిటుకు.

కారు కడిగి, గీతకు అడ్డంగా గోరు లాగండి. గోరు తట్టకపోతే 60 డిగ్రీల వేడినీళ్లు మెల్లగా పోయండి. అద్దం మీద పడనీయొద్దు. మే నెల నల్లగొండ ఎండలో నల్ల బానెట్‌కు ఆ నీళ్లూ అక్కర్లేదు.

గోరు ఆగిందంటే పొర తెగినట్టే, ఎంత కాచినా మానదు. చేల బాటల్లో సర్కారు తుమ్మ కంప లోతుగా గీస్తే ఇంతే. టిప్పర్ వెనక ఎగిరే కంకరకు 150–200 మైక్రాన్ల పీపీఎఫ్ కొంత అడ్డుపడుతుంది. ఒకట్రెండు మైక్రాన్ల సిరామిక్ కోటింగ్‌ను నమ్ముకోవద్దు. దుమ్మును పొడిగుడ్డతో అసలే తుడవొద్దు, ముందు నీళ్లు కొట్టండి.