పేరు మారిన పాత టూ ఇన్ వన్‌లను పోల్చే ముందు జాగ్రత్తలు

ముందువైపు ఉన్న పేరును చూసి తయారీదారును నిర్ణయించకండి; ఒకే టూ ఇన్ వన్ (రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసి ఉన్న యంత్రం) వేర్వేరు పేర్లతో అమ్ముడైన సందర్భాలు చాలా ఉన్నాయి. కోనియన్ సీ-100ఎఫ్, క్లెయిర్‌టోన్ 7980, హెలిక్స్ హెచ్ఎక్స్-4635 అందుకు మంచి ఉదాహరణ.

అందువల్ల క్యాసెట్ తలుపు ఆకారం, మీటల వరుస, స్పీకర్ల వ్యాసం, లోపలి సర్క్యూట్ బోర్డుపై ముద్రించిన సంఖ్య వరుసగా పోల్చండి. వీటిలో బోర్డు సంఖ్యనే నేను ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే పై తొడుగును, మీటలను మరో యంత్రం నుంచి తెచ్చి అమర్చడం కష్టం కాదు.

విప్పే ముందు ప్లగ్గును, బ్యాటరీలను తప్పక తీసివేయండి.

జపాన్‌లో విద్యుత్తు 100 వోల్టులు, అమెరికాలో 120, మన ఇళ్లలో 230 కాబట్టి, వెనుక చీటీని చదవకుండా ప్లగ్గు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. జపాన్ మార్కెట్ కోసం చేసిన పాత యంత్రాల ఎఫ్‌ఎం సాధారణంగా 76 నుంచి 90 మెగాహెర్ట్జ్‌ వరకే ఉంటుంది. మన స్టేషన్లు ఎక్కువగా అందకపోవడాన్ని లోపంగా లెక్కించకండి.

విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలో ఉన్నవాటికి, ఉప్పుగాలి వల్ల బ్యాటరీ స్ప్రింగులు తుప్పు పడతాయి గనుక బ్యాటరీలు పెట్టే అరను తెరిచి చూడండి. రబ్బరు బెల్టు జిగటగా మారి ఉండవచ్చు. పరీక్షించేటప్పుడు, పాడైనా ఫర్వాలేదనుకునే క్యాసెట్టునే వాడండి, అమ్మానాన్నల గొంతు ఉన్నదాన్ని మాత్రం పెట్టకండి.