వాక్యూమ్ ఫుల్ కొట్టే ముందు

నేను చూసుకునేది ఒక ఆసుపత్రి ల్యాబ్ రిపోర్టుల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. టేబుల్లోంచి లక్షల రోలు (వరుసలు) డిలీట్ చేసినా డిస్కులో ఒక్క జీబీ కూడా తగ్గలేదేమని కొత్తగా చేరినవాళ్లు కంగారుపడుతుంటారు. డిలీట్ అయిన రో వెంటనే ఫైల్లోంచి పోదు. మామూలు వాక్యూమ్, అంటే పోస్ట్‌గ్రెస్‌లో చెత్త ఊడ్చే కమాండ్, ఆ చోటుని అదే టేబుల్ మళ్లీ వాడుకునేలా చేస్తుందంతే. ఆపరేటింగ్ సిస్టమ్‌కి తిరిగి దక్కేది, ఫైలు చివర పూర్తిగా ఖాళీ అయిన పేజీలుంటే అవి మాత్రమే.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, ఈ టేబుల్ మళ్లీ అంత పెరుగుతుందా అని. రోజూ రాసి రోజూ చెరిపే టేబులైతే దాని జోలికి పోకండి, నెల తిరిగేసరికి మళ్లీ అంతే అవుతుంది. ఏళ్లనాటి ఆడిట్ లాగ్ ఒక్కసారే తీసేశారా, అప్పుడు టేబుల్‌నే కొత్తగా రాసే వాక్యూమ్ ఫుల్ నిజంగా పనికొస్తుంది. ఫైలు చిన్నదవుతుంది, టేబుల్ మొత్తం చదివే క్వెరీలు త్వరగా తెములుతాయి, ఫైళ్లను నేరుగా కాపీ చేసే బ్యాకప్పూ తగ్గుతుంది.

అయితే అది పనిచేసే తీరు తెలిసుండాలి. మిగిలిన రోలన్నిటినీ కొత్త ఫైల్లో రాసి, ఇండెక్సులన్నీ (రోలను త్వరగా వెతికే సూచికలు) మళ్లీ కట్టి, ఆఖరికి పాత ఫైలు తీసేస్తుంది. అందాకా రెండూ డిస్కులోనే ఉంటాయి. 100 జీబీ టేబుల్లో అసలు డేటా 40 జీబీ అనుకోండి. ఆ 40కీ, ఇండెక్సులకీ చోటు కావాలి. రెప్లికా (డేటాబేస్‌కి మరో సర్వర్లో ఉండే నకలు) ఉంటే, జరిగిన మార్పులు రాసుకునే వాల్ ఫైళ్లకి కూడా దాదాపు అంత చోటు చూసుకోవాలి. వాల్ ఉన్న డిస్కు నిండిందంటే సర్వరే ఆగిపోతుంది. డిస్కు అంచుదాకా వచ్చాక ఈ పని మొదలుపెట్టకండి.

నాకు అంతకన్నా భయం లాక్ గురించి, అంటే టేబుల్‌ని ఇంకెవరూ వాడకుండా పడే తాళం గురించి. వాక్యూమ్ ఫుల్ నడుస్తున్నంతసేపూ ఆ టేబుల్ మీద సెలెక్ట్ (చదివే క్వెరీ) కూడా కదలదు. ఏదో పాత క్వెరీ పూర్తికాక అది ఎదురుచూస్తుంటే, దాని వెనక వచ్చినవన్నీ ఆగిపోతాయి. రాత్రి రెండింటికి కూడా క్యాజువాలిటీలో ఎవరో ఒకరు రిపోర్టు తెరుస్తూనే ఉంటారు. అందుకే లాక్ టైమవుట్ (లాక్ కోసం ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే గడువు) కొన్ని సెకన్లకి పెట్టకుండా ఎవరినీ ఈ కమాండ్ కొట్టనివ్వను.

ఆపడానికి వీల్లేని టేబుల్‌కి అదే పని చేసే పీజీ రీప్యాక్ అనే విడి టూల్ వాడండి. మొదట్లో, చివర్లో మాత్రం కాసేపు లాక్ పడుతుంది. ఆ టేబుల్‌కి ప్రైమరీ కీ (ప్రతి రోనూ విడిగా గుర్తించేది) గానీ, నల్ కాని (ఖాళీగా ఉండని) కాలమ్స్ మీద యూనిక్ ఇండెక్స్ గానీ ఉండాలి, డిస్కులో చోటూ కావాలి. ఉబ్బింది ఇండెక్సు మాత్రమే అయితే పోస్ట్‌గ్రెస్ 12వ వెర్షన్ నుంచి, టేబుల్ వాడకం ఆగకుండా ఇండెక్సుని మళ్లీ కట్టే రీఇండెక్స్ కంకరెంట్లీ ఉంది, నేను ముందు దాన్నే ప్రయత్నిస్తాను. ఏది చేసినా, రోజుల తరబడి ముగియకుండా తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్లు (మార్పుల లావాదేవీలు) ఉన్నాయేమో ముందే చూడండి. అవి ఉంటే డిలీట్ అయిన రోలు కూడా టేబుల్లోంచి పోవు. పని అయ్యాక వాక్యూమ్ అనలైజ్ (టేబుల్ గణాంకాలను కూడా తాజా చేసే వాక్యూమ్) నడపండి.

ఇకముందు పెట్టే లాగ్ టేబుళ్లని నెలవారీ పార్టిషన్లుగా (నెలకో ముక్కగా) కట్టండి. పాత నెలని డ్రాప్ చేస్తే ఆ చోటు వెంటనే డిస్కుకి వచ్చేస్తుంది.