హీరో ఇమేజ్ లేటుగా వస్తోందా? ముందు ప్రయారిటీ కాలమ్ చూడండి

పేజీ స్లోగా ఉందనగానే చాలామంది ఇమేజ్‌లు కంప్రెస్ చేయడం మొదలుపెడతారు. చేయండి, తప్పులేదు, కానీ చాలాసార్లు గొడవ సైజుతో కాదు, పైన కనిపించాల్సిన పెద్ద బొమ్మ, అంటే హీరో ఇమేజ్, డౌన్‌లోడ్ లైన్లో అందరికంటే వెనకాల నిలబడి ఉంటుంది, అదీ సంగతి.

క్రోమ్‌లో ఎఫ్12 కొట్టి డెవ్‌టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ తీయండి, కాలమ్ హెడింగ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రయారిటీకి టిక్ పెట్టి పేజీ రీలోడ్ చేయండి. పేజీ కోడ్ మొదట్లో ఉండే హెడ్ భాగంలోని సీఎస్ఎస్‌కి (పేజీ రూపం చెప్పే ఫైల్) హయ్యెస్ట్, అక్కడే ఉన్న మామూలు స్క్రిప్ట్‌కి హై, పేజీని ఆపకుండా లోడవ్వమని అసింక్, డిఫర్ పెట్టిన స్క్రిప్ట్‌లకి లో, అంటే తక్కువ, అని కనిపిస్తుంది. ఇమేజ్‌లు మాత్రం ఎక్కువగా లో దగ్గరే మొదలవుతాయి, ఎందుకంటే లేఅవుట్ (ఏది ఎక్కడ పడాలో లెక్క) అయ్యేదాకా ఏ బొమ్మ స్క్రీన్ మీద పడుతుందో బ్రౌజర్‌కి తెలీదు, తెలిశాక హై చేస్తుంది గానీ అప్పటికే టైమ్ పోయింది.

అందుకే ఆ ఒక్క ఇమేజ్ ట్యాగ్‌లో ఫెచ్‌ప్రయారిటీ అనే ఆట్రిబ్యూట్‌కి హై అని ఇవ్వండి. క్రోమ్‌లో 2022 నుంచే ఉంది, సఫారీ 17.2, ఫైర్‌ఫాక్స్ 132 నుంచి వాటిలోనూ పనిచేస్తుంది, పాత బ్రౌజర్లు పట్టించుకోవు అంతే. దాని మీద లేజీ లోడింగ్ (స్క్రీన్ దగ్గరికి వచ్చేదాకా లోడ్ చేయకపోవడం) ఉంటే తీసేయండి, కొన్ని ప్లగిన్లు అడక్కుండానే అన్నిటికీ తగిలిస్తాయి. బొమ్మ సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఉంటే ఫైళ్లను ముందే వెతికిపెట్టే ప్రీలోడ్ స్కానర్‌కి దొరకదు, అది చదివేది హెచ్‌టీఎంఎల్ మాత్రమే, కాబట్టి హెడ్‌లో ముందే తెమ్మని చెప్పే ప్రీలోడ్ లింక్ పెట్టాలి. ఫాంట్ ప్రీలోడ్ చేస్తుంటే ఆ లింక్‌లో క్రాస్‌ఆరిజిన్ ఆట్రిబ్యూట్ మర్చిపోవద్దు, లేకపోతే ఒకే ఫాంట్ రెండుసార్లు దిగుతుంది. ఇక పది బొమ్మలకి హై ఇచ్చారంటే ఎవరికీ ఇవ్వనట్టే. క్యారసెల్‌లో (ఒకదాని తర్వాత ఒకటి తిరిగే బొమ్మలు) రెండో స్లైడ్ నుంచి లో పెట్టేయండి.

ఇంతా చేసినా సర్వర్ మాట వినాలిగా! బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ 2 పద్ధతిలో ఒక సర్వర్ నుంచి వచ్చే ఫైళ్లన్నీ ఒకే కనెక్షన్‌లో వస్తాయి, ఏది ముందు పంపాలో తేల్చేది సర్వరే. ఏది ముందో బ్రౌజర్ సర్వర్‌కి చెప్పడానికి మొదట్లో ఉన్న ట్రీ పద్ధతి (ఏ ఫైల్ దేని తర్వాతో చెట్టులా చూపేది) మరీ చిక్కుగా ఉండి 2022లో పక్కన పెట్టేశారు, అదే ఏడాది కొత్త పద్ధతి చెప్పే ఆర్ఎఫ్‌సీ 9218 అనే ఇంటర్నెట్ స్టాండర్డ్ వచ్చింది: 0 నుంచి 7 దాకా నంబర్, తక్కువైతే అర్జెంట్, చెప్పకపోతే 3. మీ సర్వర్ పాటిస్తోందా లేదా అన్నది డెవ్‌టూల్స్ థ్రాట్లింగ్‌తో (నెట్ స్లో చేసి చూడటం) తేలదు, ఆ స్లోనెస్ బ్రౌజర్ లోపలే కల్పించింది కాబట్టి. వెబ్‌పేజ్‌టెస్ట్ అనే సైట్‌లో స్లో కనెక్షన్ పెట్టి రన్ చేసి వాటర్‌ఫాల్‌లో (ఏ ఫైల్ ఎప్పుడు వచ్చిందో చూపే చార్ట్) ముదురు రంగు ముక్కలు చూడండి, డేటా నిజంగా వచ్చింది అక్కడే. సీఎస్ఎస్ పూర్తవకముందే ఫుటర్ బొమ్మలు కూడా దిగుతుంటే సర్వర్ ప్రయారిటీని పట్టించుకోవట్లేదన్నమాట, అప్పుడు దాన్ని పాటించే సీడీఎన్ (మీ ఫైళ్లను మీ తరఫున పంపే సర్వర్ల నెట్‌వర్క్) ఒకటి మీ సర్వర్ ముందు పెట్టుకోవడమే.