గొర్రెలు, మేకల పెంటికలను నట్టల పరీక్షకు ఎలా పంపాలి?

బెంగళూరు చుట్టూ దేవనహళ్ళి, హోసకోట, చిక్కబళ్ళాపురం వైపు జీవాలు పెంచే తెలుగు రైతులు చాలా మంది వానలు మొదలవగానే మందకంతటికీ నట్టల మందు పోస్తారు. మందు పోయడంలో తప్పు లేదు. అయితే మందలో ఏ నట్టలున్నాయో, పోసిన మందు వాటిని చంపిందో లేదో చూడకుండా ఏటా అదే మందును తక్కువ మోతాదులో పోస్తూ పోతే, ఆ మందుకు లొంగని నట్టలే మిగిలి సంతానాన్ని పెంచుకుంటాయి. ఒక పూట శ్రమపడి పెంటికలను సరిగా సేకరిస్తే ఈ నష్టాన్ని చాలావరకు తప్పించవచ్చు.

ముందుగా మందలో సుమారు పది జీవాలను ఎంచుకోవాలి. కనురెప్ప లోపలి పొర పాలిపోయినవి, దవడ కింద నీరు దిగినవి, విరేచనాలతో పారుతున్నవి తప్పక ఉండాలి. ఆరోగ్యంగా కనిపించేవి, ఏడాదిలోపు పిల్లలు కూడా కొన్ని ఉండాలి. మందలో ఏదైనా జీవం హఠాత్తుగా చనిపోయి ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని రక్తం కారుతుంటే లోపల నట్టలున్నాయేమో చూద్దామని దానిని ఎట్టి పరిస్థితిలోనూ కోయకూడదు. అది దొమ్మరోగం కావచ్చు; దాని క్రిమి బీజాలు నేలలో దశాబ్దాల పాటు బతుకుతాయి, మనుషులకూ సోకుతాయి. అటువంటప్పుడు పశువైద్యుడిని పిలవడం తప్ప మరేమీ చేయవద్దు.

నమూనాను నేల మీద నుంచి ఏరకూడదు, ఎందుకంటే మట్టిలో స్వేచ్ఛగా బతికే పురుగులు అందులో చేరి ఫలితాన్ని తారుమారు చేస్తాయి. చేతికి తొడుగు వేసుకుని, వేలికి కొద్దిగా నూనె రాసి, మలద్వారం నుంచే మూడు నుంచి ఐదు గ్రాముల పెంటికలు తీయాలి. ఒక్కో జీవానికి విడి డబ్బా వాడాలి. గాలికి చోటు లేకుండా డబ్బాను నింపి మూత బిగించాలి. చెవి పోగు సంఖ్య, వయసు, తేదీ, చివరిసారి పోసిన మందు పేరు, పోసిన రోజు డబ్బా మీద రాయాలి. ఈ వివరాలు లేని నమూనా నుంచి పరీక్షించేవారు తెలుసుకోగలిగింది సగమే.

ఆ తరువాత చల్లదనం ముఖ్యం. పొట్టలో చేరి రక్తం పీల్చే హీమాంకస్ నట్ట గుడ్లు వెచ్చని వాతావరణంలో ఒకటి రెండు రోజులలోనే పొదుగుతాయి; పొదిగిన గుడ్డు లెక్కకు రాదు. అందువల్ల డబ్బాలను ఐస్ ప్యాక్‌తో పెట్టెలో ఉంచి అదే రోజు చేర్చాలి. వీలుకాకపోతే ఫ్రిజ్‌లో పెట్టవచ్చు కానీ, గడ్డకట్టే అరలో పెట్టకూడదు.

దగ్గరలోని పశువైద్యశాలలో, లేదా వారి సలహా మీద హెబ్బాళలోని ప్రభుత్వ పశు ఆరోగ్య సంస్థలో నమూనాలు ఇవ్వవచ్చు. ఉప్పునీటిలో గుడ్లను తేల్చే పరీక్షతో పాటు అడుగుకు దిగిన మడ్డిని చూసే పరీక్ష కూడా అడగాలి, ఎందుకంటే కార్జపు జలగ గుడ్లు బరువైనవి కాబట్టి ఉప్పునీటిలో తేలవు. ఒక గ్రాములో ఎన్ని గుడ్లున్నాయో మెక్‌మాస్టర్ స్లైడుతో లెక్కిస్తారు. గుడ్లు కనిపించనంత మాత్రాన నట్టలు లేవని అనుకోకూడదు: హీమాంకస్ జీవంలో చేరిన సుమారు మూడు వారాలకు గానీ గుడ్లు పెట్టదు, ఆలోపే పిల్లలకు రక్తహీనత రావచ్చు. కాబట్టి పరీక్ష ఫలితం కాగితం మీది సంఖ్యను జీవం కనురెప్ప లోపలి రంగుతో పోల్చి చూడాలి.

చాలా మంది వదిలేసే మెట్టు మందు పోసిన తరువాతిది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది కూడా ఇదే. పశువైద్యుడు చెప్పిన మందును జీవాన్ని తూచి, బరువును బట్టి పోయాలి. పోసిన 14 రోజులకు అవే పది జీవాల పెంటికలను అదే పద్ధతిలో మళ్ళీ పంపాలి. మొదట సగటున గ్రాముకు 1000 గుడ్లుండి, ఇప్పుడు 200 ఉంటే తగ్గుదల 80 శాతం మాత్రమే. 95 శాతం కన్నా తక్కువ తగ్గితే నట్టలు ఆ మందుకు లొంగడం లేదని అనుమానించాలి. అప్పుడు అదే మందు మోతాదును సొంతంగా పెంచకుండా, రెండు కాగితాలూ పశువైద్యుడికి చూపించి, వేరే తరగతికి చెందిన మందు రాయించుకోవాలి.